‘ఆసన్న’మను నొక్క మాట

వృత్తపరిధిని వ్యాసముచే భాగింపగా వచ్చు సంఖ్యకు ‘పై’ యని పేరు. దాని విలువ యెంతయని యడిగినచో చదువుకొన్నవారిలో పలువురు తడుముకొనక ‘ఇరువదిరెండు బై యేడు’ అందురు. ఈ యుత్తరము పనికి చాలును, సత్యమునకు చాలదు. ఏడు మీటర్ల వ్యాసముగల బావికి ఈ లెక్కను చుట్టుకొలత 22 మీటర్లు. నిజమైన కొలత ఇంతకంటె ఒక సెంటీమీటరులోపుగా తక్కువ. తాపీపనివాని కీ భేదముతో నిమిత్తము లేదు. కాని భేదము కలదను సంగతిని విద్యార్థికి చెప్పకుండుట న్యాయము కాదు.

22ను 7చే భాగించి చూడుడు. మిగులదగిన శేషములు ఒకటి మొదలు ఆఱువఱకు ఆఱే. ఏడవ శేషము వెనుకటివానిలో నొకటి కాక తప్పదు. అందుచే 142857 అను నంకెలు గానుగెద్దువలె తిరుగుచునే యుండును. పూర్ణసంఖ్యల భిన్నమేదైనను ఇదియే గతి: దశాంశములు ముగియవలెను, లేదా ఒక వరుసపట్టి తిరుగవలెను. పై యంకెలు ముగియవు, వరుసపట్టి తిరుగవు. అట్లని పై అనంతమైన రాశి కాదు. అది 3.1415కును 3.1416కును నడుమ స్థిరముగా నున్నది. అంతము లేనిది దానిని దశాంశములలో వ్రాయు వ్రాతకే.

ఆర్యభటుడు 499వ సంవత్సర ప్రాంతమున, వ్యాసము 20,000 అయినచో పరిధి 62,832 అని చెప్పి, దానిని ‘ఆసన్న’మనెను; అనగా దగ్గఱది. వేయేండ్ల తరువాత భాష్యము రచించిన కేరళీయుడు నీలకంఠ సోమయాజి ఆ మాటకు కారణమును విప్పి చెప్పెను: ఏ మానముతో వ్యాసము శేషము లేక కొలువబడునో, ఆ మానముతోనే పరిధిని కొలిచినచో శేషము మిగులును.

ఇచ్చట కొందఱు దేశాభిమానులు తొందరపడి నిరూపణము కూడ మనదే యందురు. మేమొప్పము. వాదము వేఱు, రుజువు వేఱు. నీలకంఠుడు చెప్పినది సత్యమే. రుజువు మాత్రము 1761లో లాంబర్టను నైరోపా గణితజ్ఞుడిచ్చినది. అతడు అంకెలను లెక్కపెట్టలేదు. రేడియన్లలో కోణము సున్న కాని భిన్నమైనచో దాని టాంజెంటు భిన్నము కాజాలదని చూపెను. పైలో నాల్గవవంతగు కోణమునకు టాంజెంటు ఒకటి. కావున పై భిన్నము కాదు. 2022లో యంత్రములు నూఱు లక్షల కోట్ల యంకెలను గణించినవి. ఆ సాక్ష్యరాశి యంతయు, ఆవల ఆవృత్తి మొదలుకాదని చెప్పజాలదు. లాంబర్టు తర్కము చెప్పగలిగెను. పరుల కీయవలసిన కీర్తిని పరులకిచ్చినగాని మన కీర్తికి విలువ నిలువదు.

మేము కోరునది స్వల్పము. పైని 22/7గా వ్రాయు నుపాధ్యాయుడు ప్రక్కనే ‘సుమారు’ అని కూడ వ్రాయవలెను. పదునైదువందల యేండ్ల క్రిందట ఇఱుకైన పద్యమున చోటు దొరికిన మాటకు నేటి విశాలమైన నల్లబల్లపై చోటు లేకపోవుట మనకు శోభింపదు.