అగ్నిగుండంలో బాలుని గొంతు

వేదిక మీద ఒక్క మనిషి కూడా లేని పాటకచేరీ ఎక్కడైనా ఉంటుందా? హార్మోనియం లేదు, తబలా లేదు, పాడేవాళ్లు లేరు. వినడానికి వచ్చినవాళ్లు మాత్రం వరుసగా కూర్చున్నారు. పాట లౌడ్ స్పీకర్లలోనుంచి వస్తున్నది. ఆ స్పీకర్లు కూడా ఒక మూల కాదు, అయిదు గుంపులుగా పెట్టారు.

అలాంటి కచేరీ 1956 మే 30న జర్మనీ దేశంలోని కొలోన్ నగరంలో, అక్కడి రేడియో కేంద్రపు పెద్ద హాలులో జరిగింది. ఆ రోజు మొదటిసారిగా వినిపించిన పాటల్లో ఒకదాని పేరు ‘గెసాంగ్ డెర్ యూంగ్లింగె’. అంటే ‘యువకుల గీతం’. దాన్ని కూర్చినవాడు కార్ల్‌హైన్జ్ స్టాక్‌హౌజెన్. అప్పటికి ఆయన వయస్సు 27 ఏళ్లు. పాట నిడివి 13 నిమిషాల పైచిలుకు.

ఎక్కడో జర్మనీలో జరిగిన కచేరీతో మనకేమి పని అని మీరు అడగవచ్చు. అయితే ఆ యువకులు మనకు బాగా తెలిసినవారే. మన సండేస్కూలు పిల్లలు కూడా వారి పేర్లు గడగడ చెప్పగలరు: షద్రకు, మేషాకు, అబేద్నెగో.

మన బైబిలులో లేని పాట

దానియేలు గ్రంథం మూడవ అధ్యాయంలో ఆ ముగ్గురినీ అగ్నిగుండంలో పడవేసిన సంగతి 23వ వచనంలో చదువుతాం. 24వ వచనానికి వచ్చేసరికి రాజు ఆశ్చర్యపడి లేచి నిలబడతాడు. ఈ రెండు వచనాల మధ్య మంటల్లో వారేం చేశారు? గ్రీకు భాషలోని ప్రాచీన ప్రతుల్లో అక్కడ ఒక ప్రార్థన, ఒక స్తుతిగీతం ఉన్నాయి. కతోలికుల బైబిలులో అవి నేటికీ ఉన్నాయి. లూథరు వాటిని అపోక్రిఫా భాగంలో చేర్చాడు. అందుచేత మన బైబిలులో అవి కనబడవు. అయినా ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో ఉదయకాల ఆరాధనకు ఆ గీతాన్ని ఉంచారు. సూర్యచంద్రులను, వానను మంచును, అగ్నిని వేసవి ఎండను, చలిని, పగలును రాత్రిని పేరుపేరునా పిలిచి ప్రభువును స్తుతించమని చెప్పే పాట అది. 148వ కీర్తన తెలిసినవారికి దాని ధోరణి కొత్త కాదు. తాము నిలబడి ఉన్న నిప్పును కూడా స్తుతికి పిలవడమే అందులోని విశేషం.

స్టాక్‌హౌజెన్ తీసుకున్నది ఆ మాటలనే. ఆ రోజుల్లో ఆయన భక్తిగల కతోలికుడు. తరువాతి కాలంలో ఆయన నమ్మకాలు వేరే దారులు పట్టాయి. ఇక్కడ మనం చెప్పుకొనేది ఈ ఒక్క పాట గురించే.

పాట ఎలా తయారైంది?

ఇప్పటిలా కంప్యూటరు ముందు కూర్చుని పాట చేసే వసతి అప్పుడు లేదు. రేడియో కేంద్రంలో పరీక్షలకు వాడే విద్యుత్ పరికరాలతోనే శబ్దాలు పుట్టించారు. ఒకటి, ఏ వణుకూ లేకుండా ఈల లాగా సాగే సన్నని స్వరం. రెండవది, రేడియోలో రెండు స్టేషన్ల మధ్య వినిపించే హోరు. మూడవది, రేకుల కప్పు మీద తొలి చినుకులు పడ్డట్టు టక్కుటక్కుమనే చిన్న చప్పుళ్లు. వీటిని టేపు మీద రికార్డు చేసి, ఆ టేపును కత్తిరించి, అతికించి, ఒక పొర మీద ఇంకొక పొర పేర్చారు. 1955లో మొదలుపెట్టిన పని 1956లో ముగిసింది.

ఈ యంత్ర శబ్దాల మధ్య ఒకే ఒక మానవ స్వరం ఉంది. అది యోజెఫ్ ప్రొచ్కా అనే 12 ఏళ్ల బాలుడిది. పెద్దయ్యాక ఆయన ఆపెరా గాయకుడయ్యాడు. ఆ పిల్లవాడి గొంతునే పదేపదే రికార్డు చేసి కలిపారు. అందువల్ల ఒకసారి ఒక్కడే పాడుతున్నట్టు, మరొకసారి పెద్ద గాయక బృందం పాడుతున్నట్టు వినబడుతుంది. కొన్నిసార్లు చెవి పక్కనే ఉంటాడు. కొన్నిసార్లు ఊరవతలనుంచి పిలుస్తున్నట్టు ఉంటాడు.

మాటలు కూడా మొదటినుంచి చివరిదాకా తిన్నగా సాగవు. అక్షరాలు విడిపోతాయి, చెల్లాచెదురవుతాయి, హోరులో కలిసిపోతాయి. మాట ఎంతవరకు అర్థం కావాలో స్టాక్‌హౌజెన్ ఏడు మెట్లుగా లెక్క వేసుకున్నాడు. అన్నిటికన్నా కింది మెట్టులో ఒక్క ముక్క కూడా బోధపడదు. పై మెట్టుకు వచ్చేసరికి ప్రతి మాటా స్పష్టం. అలా ఎప్పుడు మాట తేటపడినా, వినబడేది దేవుని స్తుతే. పాటను ఆ ఉద్దేశంతోనే కూర్చానని ఆయన స్వయంగా వివరించాడు.

మొదటిసారి వింటే ఇది పాటా, లేక రేడియో పాడైందా అని మనకు అనిపిస్తుంది. అలా అనిపిస్తే తప్పు లేదు. ఆ పిల్లవాడి గొంతును పట్టుకుని దాని వెంట వెళ్లినవారికి మాత్రం ఆ హోరంతా అగ్నిగుండమని తెలుస్తుంది.

బబులోను వాద్యాలు

దానియేలు మూడవ అధ్యాయంలో వాద్యాల జాబితా ఎన్నిసార్లు వస్తుందో గమనించారా? బాకా, పిల్లంగ్రోవి, వీణ, సుంఫోనీయ అంటూ నాలుగుసార్లు. ‘సింఫనీ’ అనే మాటకూ ఈ సుంఫోనీయకూ మూలం ఒకటే. ఆ వాద్యాలు మోగగానే దూరా మైదానంలో ఉన్నవారందరూ ఒకేసారి సాగిలపడాలి. పడనివారికి గుండం సిద్ధంగా ఉంది. అంటే ఆ కథలో సంగీతం రాజుగారి ఉత్తరువుకు గంటగా పనిచేసింది.

స్టాక్‌హౌజెన్ పెరిగింది అలాంటి సంగీతం మధ్యనే. ఆయన కొలోన్ దగ్గర పల్లెలో బడిపంతులు కొడుకు. 1933లో నాజీలు అధికారానికి వచ్చేనాటికి నాలుగేళ్లవాడు. వాళ్ల పాలనలో రేడియోలో కవాతు పాటలు ఎడతెరిపి లేకుండా మోగాయి. అందరి కాళ్లూ ఒకే దరువుకు లేవాలి, ఒకే దరువుకు పడాలి. ఆ పాటల వల్లనే ఒకే తీరున మోగే దరువంటే తనకు విముఖత కలిగిందని ఆయన తరువాత చెప్పాడు. ‘యువకుల గీతం’లో కాలు ఆడించే దరువు వెదికినా దొరకదు.

ఆ దరువు వెనుక నడిచినవారికి ఏమైంది? ఆయన తండ్రి సైన్యంలో చేరి, 1945లో హంగేరీ వైపు యుద్ధంలో కనబడకుండా పోయాడు. తల్లి మానసిక వ్యాధితో చాలా ఏళ్లు ఆసుపత్రిలో ఉంది. 1941లో హదమార్ అనే చోట ఆమెను చంపేశారు. బ్రతికి ప్రయోజనం లేనివారని ముద్రవేసి నాజీ ప్రభుత్వం చంపించిన వేలాది రోగులలో ఆమె ఒకరు. కొడుకు 16 ఏళ్ల వయస్సులో సైనిక ఆసుపత్రిలో గాయపడినవారిని మోసే పనిలో ఉన్నాడు.

ఇంకొక సంగతి. 1942 మే 30 రాత్రి వెయ్యికి పైగా బ్రిటిష్ విమానాలు కొలోన్ నగరం మీద బాంబులు కురిపించాయి. నాలుగు వందలకు పైగా ప్రాణాలు పోయాయి. సుమారు 45 వేలమంది ఇళ్లు కోల్పోయారు. సరిగ్గా 14 ఏళ్ల తరువాత, అదే తేదీన, అదే ఊళ్లో, అగ్నిలోనుంచి ఒక పిల్లవాడు పాడే పాటను జనం కూర్చుని విన్నారు. తేదీలు యాదృచ్ఛికంగా కలిసి ఉండవచ్చు. అయినా ఆ హాలులో కూర్చున్న కొలోనువాసులకు మంట అంటే ఏమిటో ఒకరు చెప్పవలసిన అవసరం లేదు.

మన గుడిలో, మన ఇంట్లో

అలాంటి రేడియో స్టూడియోలలో మొదలైన పనే క్రమంగా కీబోర్డుల దాకా వచ్చింది. ఈనాడు చిన్న పల్లెలోని సంఘంలో కూడా కీబోర్డు, ప్యాడ్లు ఉన్నాయి. వాటిని గుడిలోకి తేవచ్చా, తేకూడదా అని పెద్దలకూ యువకులకూ మధ్య వాదన జరగని ఊరు తక్కువ. మనం ఎంతో సొంతం అనుకునే హార్మోనియం కూడా ఒకప్పుడు ఐరోపానుంచి ఓడలో వచ్చినదేనని మరచిపోరాదు.

దానియేలు కథనుబట్టి చూస్తే వాద్యం పాతదా కొత్తదా అన్నది అసలు ప్రశ్న కాదు. బబులోనులోని వీణలో ఏ దోషమూ లేదు. అది ఎవరి ముందు మోకాళ్లు వంచమన్నది, ఎవరి గొంతును ముంచివేసింది అన్నదే ప్రశ్న. క్రిస్మసు కార్యక్రమంలో ఆరేళ్ల పాప వణుకుతూ పాట అందుకుంటుంది. వెనుక ప్యాడ్ల మోత పెరిగితే పాప పెదవులు కదలడం తప్ప మనకు ఏమీ వినబడదు. ఆ మోతను తగ్గించేవాడే ఆ పూట నిజమైన సంగీతజ్ఞుడు.

ఇంటిలో కూడా ఇలాంటి గొంతులు ఉంటాయి. పక్షవాతం వచ్చి మాట ముద్దగా పడిన నాయనమ్మ ఉంటుంది. నత్తి వల్ల వాక్యం పూర్తి చేయలేని పిల్లవాడు ఉంటాడు. మతి చెదిరిందని పక్క గదిలో కూర్చోబెట్టిన చెల్లెలు ఉంటుంది. టీవీ చప్పుడులో, ఫోను చప్పుడులో వారి మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. అర్థం కాలేదని మనం లేచి వెళ్లిపోతాం. హదమార్‌లో జరిగిన ఘోరానికి మూలం కూడా, కొందరి మాటకు విలువ లేదని ఒక దేశం నిశ్చయించుకోవడమే. మాట తెలియని చోట కూడా మనిషి ఉన్నాడు. ఓపిక పట్టినవారికి ఆ ముక్కల్లోనుంచే మాట తేటపడుతుంది.

ఈ నెలలో ఒక సాయంత్రం కుటుంబ ప్రార్థన వేళ టీవీ, ఫోను ఆపి దానియేలు మూడవ అధ్యాయం చదవండి. చదివే పని ఇంటిలో ఎవరి గొంతు అందరికన్నా తక్కువగా వినబడుతుందో వారికే ఇవ్వండి. ఎంత ఆలస్యమైనా మధ్యలో ఎవరూ అందించవద్దు.