నిమోనియాలో ఊపిరి లెక్కే కీలకం

‘నిమోనియానే గానీ మైల్డేనట’ అని డాక్టర్ చెప్పగానే ఇంట్లో అందరూ కుదుటపడతారు. ఆ మాట నిజమే. కానీ అది ఆ పూట పరిస్థితికి వర్తించే మాట. రేపటికి హామీ కాదు.

నిమోనియాలో ఊపిరితిత్తుల్లోని గాలిగదులు ద్రవంతో, చీముతో నిండుతాయి. కొద్దిభాగమే నిండితే దగ్గు, జ్వరం, నీరసం ఉన్నా మనిషి తింటాడు, తిరుగుతాడు. ఇవి చాలావరకు ఇంటి దగ్గర మందులతోనే తగ్గుతాయి. ఎక్కువభాగం నిండితే రక్తానికి చాలినంత ఆక్సిజన్ అందదు. ఈ తేడా థర్మామీటర్‌లో కనిపించదు. ఊపిరిలో కనిపిస్తుంది.

జ్వరం గంటకోసారి చూస్తాం, ఊపిరి మాత్రం లెక్కపెట్టం. ఈ అలవాటు మారాలి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట కదలికను నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాదిలోపు పిల్లల్లో 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపు వారిలో 40, అంతకు మించినా అదేరోజు డాక్టర్‌కు చూపించాలి. రెండు నెలలు నిండని పసికందులో 60కి చేరితే నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్లాలి. డొక్కలెగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, మగతగా ఉన్నా, పెదాలు నీలంగా మారినా ఏ వయసు బిడ్డకైనా ఇదే మాట.

పెద్దల్లో నిమిషానికి 30 దాటడం ప్రమాద సూచన. వృద్ధుల్లో జ్వరం లేకుండానే నిమోనియా ముదరవచ్చు. ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం, అన్నం మానేయడం కనిపిస్తే ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టుకోవద్దు. కొవిడ్ కాలంలో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఉంటే బయటికి తీయండి. 94 కంటే తగ్గితే డాక్టర్‌కు చెప్పండి. అంకె బాగున్నా ఆయాసం ఉంటే ఆయాసాన్నే నమ్మండి.

‘మైల్డ్’ అన్న ధీమాతో జ్వరం తగ్గగానే యాంటీబయాటిక్ మధ్యలో ఆపేయడం, కిందటిసారి మిగిలిన మాత్రలు వేయడం రెండూ తప్పే. మందులు మొదలుపెట్టి రెండు, మూడు రోజులైనా గుణం లేకపోతే మళ్లీ చూపించండి. దగ్గు మాత్రం కొన్ని వారాలు ఉండవచ్చు, దానికి కంగారు అక్కర్లేదు.

పసిపిల్లలకు ఆరు వారాలకు, 14 వారాలకు, తొమ్మిది నెలలకు వేసే పీసీవీ టీకా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. మీ పాపాయి టీకా కార్డులో ఆ మూడు గళ్లూ నిండాయో లేదో ఈరోజే ఒకసారి చూడండి.