ఇటుక బట్టీల పొగ నుంచి బుక్కపట్నం ఊళ్లను, మల్బరీ తోటలను కాపాడాలని వినతిపత్రం

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,
శ్రీ సత్యసాయి జిల్లా, పుట్టపర్తి.

ఆర్యా,

బుక్కపట్నం మండలంలో పట్టుపురుగులు పెంచి బతికే రైతులం, బట్టీల పక్కన కాపురముండే వాళ్లం, ఆ బట్టీల్లోనే కూలి చేసే వాళ్లం కలిసి ఈ వినతిపత్రం సమర్పించుకుంటున్నాం. బట్టీలు మూసేయమని మేము అడగడం లేదు. చట్టం చెప్పినట్టు కాల్చమని అడుగుతున్నాం.

ఇక్కడ ఎండాకాలంలో పచ్చి ఇటుకలను ఆరుబయట పేర్చి, సందుల్లో కట్టెలు, బొగ్గు, పొట్టు నింపి, పైన మట్టి మెత్తి నిప్పు పెడతారు. పొగగొట్టం ఉండదు. రోజుల తరబడి రగిలే ఆ పొగ పైకి పోదు, సాయంత్రం గాలి పడిపోతే నేలబారునే ఊళ్లోకి వస్తుంది. పొద్దున మల్బరీ ఆకును బొటనవేలితో రుద్దితే వేలికి మసి అంటుతుంది. నాలుగో జ్వరం (నాలుగోసారి పొర విడిచే దశ) దాటిన పురుగు ఆబగా మేసే రోజుల్లో ఆకునంతా కడిగి, ఆరబెట్టి వేయడం ఎవరికీ సాధ్యం కాదు.

మసి ఒక్కటే అయితే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. ఉమ్మడి అనంతపురం జిల్లా నీళ్లలోని ఫ్లోరైడ్ సంగతి తమకు తెలిసిందే. మట్టిలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. ఇటుక కాలేటప్పుడు అందులో కొంత వాయువై బయటికి వస్తుంది, దాన్ని మల్బరీ ఆకు పీల్చుకుంటుంది. అలాంటి ఆకు మేసిన పురుగు ఎదగదు. చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో 1980లలో ఇటుక బట్టీల పొగతోనే పట్టు రైతులు పెద్దఎత్తున నష్టపోయారు. మా తోటల్లో జరుగుతున్నదీ అదేనని పరీక్ష చేయకుండా మేము అనలేం. అందుకే మా మొదటి కోరిక ఆ పరీక్షే. హిందూపురం దగ్గర కిరికెరలో ఉన్న రాష్ట్ర పట్టు పరిశోధన, అభివృద్ధి సంస్థ చేత, బట్టీలు కాలే రోజుల్లోనే, దగ్గరి తోటల ఆకునూ దూరపు తోటల ఆకునూ తీయించి ఫ్లోరైడ్ ఎంతుందో చూపించాలి. ఫలితం తెలుగులో రైతులకు ఇవ్వాలి.

రెండవది. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2022 ఫిబ్రవరి 22న ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం కొత్త బట్టీ ఇళ్లకు, పండ్ల తోటలకు కనీసం 0.8 కిలోమీటర్ల దూరంలో, మరో బట్టీకి కిలోమీటరు దూరంలో ఉండాలి. మండలంలోని ప్రతి బట్టీ దూరాన్ని కొలిచి, అనుమతి ఉన్నదేదో లేనిదేదో జాబితాను గ్రామ సచివాలయంలో అంటించాలి. నియమంలో మల్బరీ పేరు లేదు. దూరాన్ని ఇంకా పెంచే అధికారం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఉంది కాబట్టి, మల్బరీనీ అందులో చేర్చేలా తమరు సిఫార్సు చేయాలి.

మూడవది, టైర్లు, ప్లాస్టిక్ కాల్చడం అదే నోటిఫికేషన్‌లో నిషేధం. రాత్రిపూట తనిఖీలు జరిపితే చాలు.

నాలుగవది, అసలు మార్పు. పాత బట్టీలు జిగ్‌జాగ్ పద్ధతికో, నిలువు షాఫ్టు పద్ధతికో మారడానికి మా ప్రాంతానికి ఆ నోటిఫికేషన్ ఇచ్చిన రెండేళ్ల గడువు 2024 ఫిబ్రవరితో తీరింది. జిగ్‌జాగ్‌లో ఇటుకల వరుసల మధ్య గాలి మెలికలు తిరుగుతూ పోతుంది కనుక బొగ్గు పూర్తిగా కాలుతుంది. పొగ తగ్గుతుంది, యజమానికి బొగ్గూ మిగులుతుంది. కానీ ఏడాదికి రెండు మూడు బట్టీలు కాల్చే చిన్న మనిషి ఒక్కడే ఆ ఖర్చు భరించలేడు. నలుగురైదుగురు కలిసి ఒక బట్టీ కట్టుకునేలా బ్యాంకు రుణం ఇప్పించాలి. మారేదాకా పనిలేని కూలీలకు ఉపాధి హామీ పనులు చూపాలి.

ఐదవది. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం మాకు 300 కిలోమీటర్ల లోపే ఉంది. ఆ పరిధిలోని నిర్మాణాల్లో థర్మల్ కేంద్రాల బూడిదతో చేసిన ఇటుకలు వాడాలన్నది కేంద్ర ప్రభుత్వం పెట్టిన నియమమే. మండలంలోని ప్రభుత్వ పనులతోనే దాన్ని మొదలుపెట్టాలి.

వచ్చే బట్టీల కాలం మొదలయ్యేలోగా రెవెన్యూ, పట్టు పరిశ్రమ, కాలుష్య నియంత్రణ మండలి అధికారులతో ఉమ్మడి తనిఖీకి తేదీ ఖరారు చేసి, మాకు రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం. పొగ ఎటు పోతుందో కనబడేది పొద్దుగూకే వేళ కాబట్టి, అధికారులు ఆ వేళకు వస్తే మేమే దగ్గరుండి చూపిస్తాం.

ఇట్లు,
బుక్కపట్నం మండల పట్టు రైతులు, బట్టీ కూలీలు, గ్రామస్తులు