రేడియేటర్ నీరు, వారంటీ పత్రం: వ్యవసాయ యంత్రీకరణలో విస్మృతమైన పాఠం

కిష్టారెడ్డిపేట సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతానికి చేరువలోని గ్రామం. పరిశ్రమలు, నివాస కాలనీలు విస్తరించిన ఇటువంటి ప్రాంతాలలో వ్యవసాయ కూలీలు దొరకడం కష్టం. మిగిలిన సాగు భూములకు ట్రాక్టరే ఆధారం. అందువల్ల ట్రాక్టరు నాలుగు రోజులు ఆగిపోతే నష్టం మరమ్మతు ఖర్చుతో ముగియదు. పంట అదను కూడా తప్పుతుంది.

కొని ఏడాది నిండని ట్రాక్టరు దమ్ము మధ్యలో వేడెక్కి నిలిచిపోయిందనుకుందాం. రేడియేటర్ కింద కూలెంట్ కారి నేల తడిసి ఉంటుంది. రైతు డీలర్‌ను ఆశ్రయించగా ‘బోరు నీళ్లు పోసి ఉంటారు, వారంటీ వర్తించదు’ అని నోటిమాటగా సమాధానం వస్తుంది. పోయలేదని రైతు అంటాడు. ఏ నీరు పోసినదీ, లీకు ఎక్కడ మొదలైనదీ ఎక్కడా నమోదై ఉండదు. ఈలోగా నాట్ల అదను దాటిపోతుంది. ఇటువంటి వివాదంలో గెలుపోటములను చాలావరకు నిర్ణయించేది ముందుగా రాసి ఉంచుకున్న నమోదులే. ఆ నమోదులను రైతుకు అలవాటు చేయించడం విస్తరణ శాస్త్రవేత్తల విధులలో భాగం కావలసిన అవసరం ఉంది.

లీకు స్థానం, కారణం

కూలెంట్ కారడానికి కారణం ఒక్కటే ఉండదు. హోస్ పైపు పగలవచ్చు, క్లిప్పు వదులు కావచ్చు, రేడియేటర్ మూత ఒత్తిడిని నిలపలేకపోవచ్చు, వాటర్ పంప్ సీలు అరిగిపోవచ్చు. హెడ్ గ్యాస్కెట్ చెడిపోతే బయట చుక్క కనిపించకుండానే కూలెంట్ తగ్గుతుంది. ఇంజన్ ఆయిల్ పాలవలె తెల్లబడడం, పొగగొట్టం నుండి తెల్లని పొగ రావడం దాని సూచనలు. అతుకు లోపం, సీలు లోపం సాధారణంగా తయారీదారు బాధ్యత కిందికి వస్తాయి. హోస్ పైపులు, క్లిప్పుల వంటి వాటిని అనేక వారంటీ పత్రాలు మినహాయిస్తాయి. కనుక ‘కూలెంట్ లీకు’ అని మాత్రమే రాసిన జాబ్ కార్డు రైతుకు ఏ విధంగానూ ఉపకరించదు. లీకు స్థానం, కారణం రెండూ అందులో ఉండాలి.

డీలర్ వాదనను పూర్తిగా తోసిపుచ్చడమూ సబబు కాదు. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఇంజన్ లోపల పెళుసైన పొరగా పేరుకొని వేడి బయటకు పోకుండా అడ్డుకుంటాయి. క్లోరైడ్లు అల్యూమినియం భాగాలను తినివేస్తాయి. పటాన్‌చెరు ప్రాంతంలో పారిశ్రామిక వ్యర్థజలాల వల్ల భూగర్భ జలాల నాణ్యత దెబ్బతిన్న విషయం దశాబ్దాలుగా తెలిసినదే. భారత ప్రమాణాల ప్రకారం వేరొక నీటి వనరు లేనప్పుడు తాగునీటిలో లీటరుకు 600 మిల్లీగ్రాముల వరకు కాఠిన్యాన్ని అనుమతించవచ్చు. అంతటి కాఠిన్యం గల నీరు తాగడానికి అనుమతి పొందినా రేడియేటర్‌కు పనికిరాదు. డిస్టిల్డ్ వాటర్‌లో కంపెనీ సూచించిన కూలెంట్‌ను సూచించిన పాళ్లలో కలిపి పోయడమే సరైన పద్ధతి. ఈ చిన్న విషయాన్ని డీలర్ అమ్మకం రోజున చెప్పడు. తరువాత రైతు దానిని అడగడు.

చట్టం కల్పించిన రక్షణ

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఆ మరుసటి సంవత్సరం జూలై 20 నుండి అమలులోకి వచ్చింది. వస్తువు వెల 50 లక్షల రూపాయలు మించనప్పుడు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. రైతు తాను నివసించే జిల్లాలోనే, న్యాయవాది లేకుండా కూడా ఫిర్యాదు దాఖలు చేసుకోవచ్చు. కారణం ఏర్పడిన నాటి నుండి 2 సంవత్సరాల గడువు ఉంటుంది. లోపాన్ని పరీక్ష లేకుండా నిర్ధారించలేనప్పుడు కమిషన్ ఆ వస్తువును తగిన ప్రయోగశాలకు పంపవచ్చు. కమిషన్‌కు వెళ్లే ముందు 1915 సహాయ నంబరుకు ఫోన్ చేసి రాజీకి ప్రయత్నించే వీలు కూడా ఉంది.

ఒక్క జాగ్రత్త అవసరం. స్వయం ఉపాధితో జీవనోపాధి కొరకు మాత్రమే వాడే ట్రాక్టరు విషయంలో రైతును చట్టం వినియోగదారుడిగానే గుర్తిస్తుంది. దానిని వ్యాపారంగా అద్దెలకు తిప్పితే అవతలి పక్షం ఆ అంశాన్నే ముందుకు తెస్తుంది.

తెలుగు రైతులకు సంబంధించిన ఒక తీర్పు ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012 జనవరిలో సుప్రీంకోర్టు విత్తనం కొన్న ఆంధ్రప్రదేశ్ రైతులను వినియోగదారులుగా గుర్తించింది. పరీక్ష కొరకు విత్తన నమూనాను దాచి ఉంచలేదన్న కారణంతో వారి ఫిర్యాదును తిరస్కరించరాదని స్పష్టం చేసింది. అయితే ఆ తీర్పును యంత్రాలకు యథాతథంగా అన్వయించుకోరాదు. విత్తనం భూమిలో కలిసిపోతుంది. పగిలిన పంపు మాత్రం చేతిలోనే ఉంటుంది. దానిని ఫొటో తీయకుండా, రశీదు తీసుకోకుండా డీలర్‌కు అప్పగించినా, బయటి మెకానిక్‌తో ముందే విప్పించినా సాక్ష్యం చేజారిపోతుంది.

ఫిర్యాదు ఎవరికి రాయాలన్నదీ ముఖ్యమే. 2021లో టాటా మోటార్స్ కేసులో, డీలర్ చేసిన తప్పు తయారీ కంపెనీకి తెలుసునని రుజువు కానప్పుడు కంపెనీని బాధ్యురాలిని చేయలేమని సుప్రీంకోర్టు పేర్కొంది. అందువల్ల మొదటి రోజునే డీలర్‌కు, కంపెనీకి ఇద్దరికీ రాతపూర్వకంగా తెలియజేయడం మేలు.

విస్తరణ వ్యవస్థ చేయవలసినవి

యంత్ర శిక్షణ నేడు చాలావరకు నడపడం, సర్దుబాట్లు, నిర్వహణ వద్దనే ఆగిపోతున్నది. దానికి మరొక పాఠం చేర్చాలి. కూలెంట్ కొన్న బిల్లు, అవర్ మీటర్ అంకెతో సహా ప్రతి సర్వీసు వివరం, వారంటీ పుస్తకం ఒకే సంచిలో భద్రపరచడం. ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత వైపు కదలగానే బరువు తగ్గించి ఇంజన్ ఆపడం. వేడి మీద మూత తీయకపోవడం. వారంటీ నిరాకరిస్తే కారణాన్ని రాసి ఇమ్మని అడగడం రైతుకు నేర్పవలసినవి. వేడెక్కిన ఇంజన్‌ను అలాగే నడిపితే చిన్న లీకు పెద్ద నష్టంగా మారుతుంది. దాని నింద కూడా రైతు మీదనే పడుతుంది.

నేర్పడంతో పాటు నిర్ధారణలో కూడా విశ్వవిద్యాలయం తోడ్పడగలదు. సంగారెడ్డి సమీపంలోని కందిలో వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల ఉన్నది. రైతు కోరినప్పుడు అక్కడి అధ్యాపకులు విద్యార్థులతో కలిసి యంత్రాన్ని పరిశీలించి, లీకు స్థానాన్ని గుర్తించి, రేడియేటర్ నీటిని పరీక్షించి ఒక పుట నివేదిక ఇచ్చే ఏర్పాటు చేయవచ్చు. విద్యార్థులకు ఇంతకంటే మంచి క్షేత్ర పాఠం దొరకదు.

ప్రైవేటు వివాదాలలో శాస్త్రవేత్తలు తలదూర్చడమేమిటన్న ఆక్షేపణ రావచ్చు. మొలకెత్తని విత్తనం, కాయ కట్టని పైరు విషయంలో శాస్త్రవేత్తలు పొలానికి వెళ్లి నివేదిక ఇవ్వడం కొత్తేమీ కాదు. అక్కడ తప్పని పని ఇక్కడ ఎందుకు తప్పవుతుంది? పైగా నివేదిక ఏ ఒక్కరి పక్షమూ వహించదు. రైతు నిజంగా బోరు నీరే పోసి ఉంటే అదే రాస్తుంది. నిజాయితీ గల డీలర్‌కు అది రక్షణ అవుతుంది. సీలు లోపమైతే రైతు కమిషన్ గడప తొక్కకుండానే డీలర్ వద్దనే పని పూర్తి కావచ్చు.

యంత్రాన్ని సిఫారసు చేసిన వ్యవస్థ ఆ యంత్రం ఆగిపోయిన రోజున కూడా రైతు పక్కన నిలబడాలి. రానున్న వానాకాలం శిక్షణలలో వారంటీ పుస్తకానికి ఒక గంట కేటాయించడంతో ఈ పని మొదలుపెట్టవచ్చు.