ఆన్‌లైను చదువు - వికలాంగ విద్యార్థులు

2020వ సంవత్సరము మార్చి నెలలో కరోనా మహమ్మారి కారణమున కళాశాలలు మూతపడినప్పుడు, చదువు మాత్రము ఆగలేదని ప్రభుత్వములును విశ్వవిద్యాలయములును సగర్వముగా చాటినవి. జూమ్, గూగుల్ మీట్ మున్నగు సాధనములద్వారా పాఠములు ఇంటింటికి చేరుచున్నవనిరి. చేరిన యిండ్లకు చేరినవి. ఆ పాఠము వినబడని బధిరునకును, ఆ తెర కనబడని యంధునకును ఏమి చేరినదో విచారించినవారు మిక్కిలి తక్కువ. మహమ్మారి గడచి యేండ్లయినది గదా, ఆ ముచ్చట ఇప్పుడేల యని కొందఱనవచ్చును. మహమ్మారి పోయినది గాని, దానితో వచ్చిన పద్ధతి పోలేదు. పాఠ్యాంశములు నేటికిని వాట్సాపు గ్రూపులలో పంచబడుచునే యున్నవి. దరఖాస్తులు, రుసుములు, హాల్‌టిక్కెట్లు సమస్తమును వెబ్‌సైట్ల పాలైనవి. నాటి లోపములు నేటికిని లోపములే.

కేంద్ర విద్యాశాఖవారి ఉన్నతవిద్యా సర్వేలో ఒక లెక్క కలదు. 2019-20లో దేశమందలి ఉన్నతవిద్యాసంస్థలలో వికలాంగ విద్యార్థులు 92,831 మంది. 2020-21లో 79,035 మంది. అదే సంవత్సరమున మొత్తము విద్యార్థుల సంఖ్య 3 కోట్ల 85 లక్షలనుండి 4 కోట్ల 13 లక్షలకు పెరిగినది. ఆ యేట లెక్కలు సేకరించు విధానము కూడ మారినది కావున తగ్గుదల యంతయు ఆన్‌లైను చదువు పాపమే యనుట న్యాయము కాదు. కాని మొత్తము సంఖ్య పెరిగిన యేట వీరి సంఖ్య తరుగుట చూచియు మనసు కలగని విద్యాధికారి యుండునా? 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందే 22 లక్షలకు పైబడినవారు. ప్రభుత్వ, ప్రభుత్వసహాయక విద్యాసంస్థలలో నూటికి అయిదు స్థానములకు తక్కువ కాకుండ వీరికి కేటాయింపవలెనని 2016వ సంవత్సరపు చట్టము శాసించుచున్నది. పై లెక్కనుబట్టి చూడగా కళాశాల మెట్లెక్కినవారు వేయికి ఇద్దఱైనను నిండలేదు!

అంధ విద్యార్థి కంప్యూటరును ఎట్లు వాడునో పలువురెఱుగరు. తెరమీది యక్షరములను పైకి చదివి వినిపించు స్క్రీన్‌రీడరులు కలవు. జాస్ అనునది వెలకు దొరకును, ఎన్.వి.డి.ఎ. అనునది ఉచితము. చేతిఫోనులలో టాక్‌బ్యాక్ అను సదుపాయము ముందే యుండును. స్వరము యంత్రపు స్వరమే యైనను, ఇవి తెలుగును సైతము చదువగలవు. కాని అవి చదువుటకు ఎదుట అక్షరములుండవలెను. మహమ్మారి కాలమున అధ్యాపకు లనేకులు చేసిన దేమి? చేతివ్రాత నోట్సును ఫోనుతో ఫొటో తీసి పంపిరి. పుస్తకపు పుటలను స్కాను చేసి పి.డి.ఎఫ్.గా పంపిరి. కన్నులున్న విద్యార్థికి అది పాఠము. స్క్రీన్‌రీడరుకు అది వట్టి బొమ్మ. అందొక మాటయైనను పలుకదు.

తెలుగున చదువు నంధుని కష్టము ఇంతతో ముగియదు. మన ముద్రణాలయములలో చిరకాలముగా వాడుకలో నున్న 'అను' వంటి పాత ఫాంటులు పైకి తెలుగువలె కనబడునేగాని, కంప్యూటరు లోపల అవి తెలుగక్షరములు కావు; ఆంగ్లాక్షరముల చోటులలో అమర్చిన తెలుగు రూపములు. కంటికి అందమైన తెలుగు. యంత్రము చెవిలో నూదునది మాత్రము పొంతనలేని సంజ్ఞల గోల. తెలుగునకు యూనికోడునందు స్థానము 1991లోనే లభించినది. అయినను విద్యాసంస్థలు నోట్సులను పాత ఫాంటులలోనే కూర్చి పంచుట ఆగలేదు. ఇందువలన ఫలితమేమి? ఆంగ్లమాధ్యమమున చదువు నంధునకు పుస్తకము కొంతయైనను పలుకును; మాతృభాషలో చదువ గోరు నంధునకు పుస్తకమే మూగబోవును. తెలుగు మాధ్యమము క్షీణించుచున్నదని సభలయందు దుఃఖించు భాషాభిమానులు ఈ సంగతిని కొంచెము ఆలోచింతురు గాక.

బధిరుల యవస్థ వేఱు. తరగతిలో గురువు పెదవులు చూచి గ్రహించు విద్యార్థికి, అఱచేతి ఫోనులో అంగుళమంత గడిలో కనబడు ముఖము ఏమి ప్రయోజనము? డేటా పొదుపునకై గురువు కెమెరా కట్టివేసినచో అదియు లేదు. గూగుల్ మీటులో తెరక్రింద మాటలు కనబడు సదుపాయము ఆంగ్లమునకు ఉండెను. తెలుగు పాఠమునకు ఆనాడు లేదు. భారతీయ సంజ్ఞాభాషాసంస్థయు ఎన్.సి.ఇ.ఆర్.టి.యు 2020 అక్టోబరులో ఒప్పందము చేసికొని పాఠ్యపుస్తకములను సంజ్ఞాభాషలోనికి మార్ప బూనిరి, సంతోషమే. కాని అవి పాఠశాల పుస్తకములు. డిగ్రీ విద్యార్థికి ఆ దారి కూడ లేకపోయెను.

పరీక్షల మాట చెప్పనక్కఱలేదు. 2020 ఆగస్టులో ఢిల్లీ విశ్వవిద్యాలయము తుదిసంవత్సరపు విద్యార్థులకు, ఇంటనుండియే పుస్తకములు చూచి వ్రాయు పరీక్షలు జరిపినది. ప్రశ్నపత్రమును దింపుకొని, కాగితముపై వ్రాసి, ఆ పుటలను ఫొటోలు తీసి గడువులోపల పంపవలెను. అంధునకు వ్రాయుటకొక లేఖకుడు కావలెను. మనిషిని చూచి మనిషి వెఱచు ఆ దినములలో ప్రక్కను కూర్చుండి వ్రాయుట కెవరు వత్తురు? నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ది బ్లైండ్ అను సంస్థ హైకోర్టు తలుపు తట్టవలసివచ్చెను.

అయితే ఆన్‌లైను చదువును తెగడుట మా యుద్దేశము కాదు. చక్రాల కుర్చీలో తిరుగు విద్యార్థికి ఆ రెండేండ్లును ఒకవిధముగా విడుదల. ఎక్కలేని మెట్లు లేవు, పట్టుకొనలేని బస్సు లేదు. అనారోగ్యముచే తరగతి తప్పినవాడు రికార్డు చేసిన పాఠమును మరల వినగలిగెను. పాఠము ఇంటికి పంపుట అసాధ్యమని ఏండ్లతరబడి చెప్పిన కళాశాలలు, అందఱికిని అవసరము కలిగినప్పుడు రెండు వారములలో దానిని సాధ్యము చేసినవి! కళాశాలలు తెఱవగానే పెక్కుచోట్ల ఆ సదుపాయమును ఎత్తివేసినవి. మెట్లు మాత్రము ఉన్నచోటనే యున్నవి.

చట్టములకు మనకు కొఱత లేదు. పేరుల మార్పునకును కొఱత లేదు. 'దివ్యాంగు'లన్న మాటను ప్రధానమంత్రి మోదీగారు 2015 చివర సూచింపగా అది కాగితములన్నిటికి ఎక్కినది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో సౌలభ్య మార్గదర్శకములు వెలువరించినది. నియమములు వట్టి సలహాలుగా నుండరాదనియు, విధిగా పాటింపవలసిన కనీస ప్రమాణములను మూడు నెలలలో నిర్ణయింపవలెననియు సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న ఆదేశించినది. డిజిటలు సౌలభ్యము జీవించుహక్కులో భాగమేయని 2025 ఏప్రిల్ 30న మరల తీర్పు చెప్పినది. ఇంతకుమించి న్యాయస్థానములు చేయగల దేమి?

ఇక చేయవలసినది మన ప్రభుత్వములును విశ్వవిద్యాలయములును. ఉభయ తెలుగు రాష్ట్రములలోను ప్రభుత్వధనముతో ముద్రించు ప్రతి కళాశాల పుస్తకమునకును యూనికోడు ప్రతి యుండవలెనని ఒక్క ఉత్తరువు చాలును. అందుకు కోట్లు అక్కఱలేదు. ఫొటోలకు మాఱు టైపు చేసిన నోట్సు పంపవలెనని అధ్యాపకులకు చెప్పుటకు చిల్లిగవ్వయు అక్కఱలేదు. పాఠముల రికార్డింగును కోరిన విద్యార్థికి నిలిపియుంచుటయు అట్టిదే. రానున్న విద్యాసంవత్సరపు పుస్తకములు అచ్చునకు పోకముందే ఈ ఉత్తరువులు వెలువడవలెనని మేము కోరుచున్నాము.