మెల్లగా సాగు సైకిలు

సైకిలు వలని ప్రయోజనము వేగమే యని పలువురు తలంతురు. మే మట్లు తలంపము. ఇంగ్లండు దేశమున వేసవికాలపు శని, ఆదివారములందు అనేకులు పల్లెబాటలవెంట సైకిళ్లపై మెల్లగా విహరింతురు. జూన్ మాసమున నచ్చట రాత్రి తొమ్మిది గంటల వఱకు వెలుగుండును గనుక తొందర యక్కఱలేదు. కంచెపొదల పూవులను జూచుచు, చర్చి గోపురము కనబడినచోట దిగి, చెట్టునీడను రొట్టె తిని, మరల సాగుదురు.

ఇది కాలహరణము గాదా యని కొంద ఱడుగవచ్చును. ఆ దేశపు చట్టమునే చూడుడు. గుఱ్ఱపు బాటలపై సైకిళ్లు పోవుటకు 1968వ సంవత్సరపు చట్టము హక్కొసగెను. అయితే నడచువారికిని, రౌతులకును త్రోవ విడువవలెనని యా వాక్యముననే షరతు పెట్టెను. బ్రిస్టల్ నుండి బాత్ వఱకు మూతపడిన రైలుమార్గమును 1979 మొదలు 1986 వఱకు క్రమముగా బాగుచేసి, 13 మైళ్ల బాటగా నొనర్చిరి. దానిపై సైకిలువారును, బిడ్డల తల్లులును, వృద్ధులును కలసి పోవుదురు. అట్టిచోట దూసికొనిపోవు వానికంటె, గంట మ్రోగించి నెమ్మదించువాడే నేర్పరి.

బాలబాలికలారా! ముందుగా చేరుట గొప్పగాదు. త్రోవలో నెవ్వరిని బెదరింపక, చూడదగినవానిని చూచి చేరుటయే గొప్పయని మా యభిప్రాయము.