నరసాపురం ఎంపీ, బోధన్ మిల్లు

గోకరాజు గంగరాజు 2014లో బీజేపీ అభ్యర్థిగా నరసాపురం నుంచి లోక్‌సభకు గెలిచారు. అయిదేళ్లు ఎంపీగా ఉన్నారు, 2019లో మళ్లీ పోటీ చేయలేదు. వ్యాపారాలు ఆయన కోసం ఎదురుచూస్తూనే ఉన్నాయి. విజయవాడలో మూలికల సారాలు తయారుచేసే లైలా సంస్థలు, హైదరాబాద్ బాచుపల్లిలో తండ్రి పేరిట పెట్టిన ఇంజినీరింగ్ కళాశాల ఆయన ఎంపీ కాకముందూ ఉన్నాయి, దిగిపోయాకా ఉన్నాయి. పశ్చిమ గోదావరిలో ఇదొక మామూలు రాజకీయ జీవితం. నిజామాబాద్ జిల్లాలో మాత్రం ఆ పేరు వినగానే తలపుకొచ్చేది ఎంపీ పదవి కాదు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ.

1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్లు పొలాలకు పారాక ఈ నేల చెరకు నేల అయింది. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. సొంత చెరకు క్షేత్రాలు, కార్మికులకు క్వార్టర్లు, ఆస్పత్రి, బడి ఉండేవి. ఫ్యాక్టరీ కూత మీద ఊరు నడిచేది.

2002లో చంద్రబాబు ప్రభుత్వం అందులో 51 శాతం వాటాను గంగరాజు కుటుంబానికి చెందిన డెల్టా పేపర్ మిల్స్‌కు ఇచ్చింది. భీమవరం దగ్గర వేండ్రలో కాగితం తయారుచేసే కంపెనీ అది. మిగతా 49 శాతం ప్రభుత్వం దగ్గరే ఉంది. అలా నిజాం దక్కన్ షుగర్స్ పుట్టింది. బోధన్‌తో పాటు మెట్‌పల్లి, మెదక్ యూనిట్లు దాని చేతికి వెళ్లాయి. ప్రభుత్వం మారాక వేసిన శాసనసభా సంఘం ఈ ఒప్పందాన్ని తప్పుపట్టి, ఫ్యాక్టరీని వెనక్కి తీసుకోమంది. ఏ ప్రభుత్వమూ తీసుకోలేదు. 2014లో టీఆర్ఎస్ స్వాధీనం చేసుకుంటామని మాటిచ్చింది, గెలిచాక మహారాష్ట్రలో లాగా రైతులే సహకార సంఘం పెట్టుకుని నడుపుకోవాలంది. 2015 డిసెంబరు 23న మూడు యూనిట్లకూ లేఆఫ్ పడింది. అప్పటికి గంగరాజు లోక్‌సభ సభ్యుడు.

డిసెంబరులో మిల్లు ఆగడమంటే ఏమిటో చెరకు వేసినవాడికే తెలుస్తుంది. అది గానుగ సీజను. ఏడాది పెంచిన తోట నరుకుడుకు వచ్చి ఉంటుంది. నరికిన గడ ఒక్కరోజు ఎండలో పడున్నా తూకం తగ్గుతుంది, రెండో రోజుకు చక్కెర శాతమూ పడిపోతుంది. వరిలాగా ఇంట్లో దాచుకుని ధర కోసం చూసే పంట కాదు. పైగా చట్టం ఒక్కో ప్రాంతాన్ని ఒక్కో ఫ్యాక్టరీకి కేటాయిస్తుంది. రైతు ఆ ఫ్యాక్టరీకే తోలాలి, ఫ్యాక్టరీ 14 రోజుల్లో డబ్బులివ్వాలి. అలా కట్టుబడిన రైతుకు మిల్లు మూతపడితే ఆ ఏడు పంట మెడ మీద కత్తే. బోధన్ చెరకును కామారెడ్డి వైపు గాయత్రి షుగర్స్‌కు మళ్లించారు. ఆ సంస్థ విశాఖ నుంచి ఎంపీగా గెలిచిన టి.సుబ్బరామిరెడ్డి కుటుంబానిది. ఒక ఎంపీ మిల్లు ఆగితే చెరకు ఇంకో ఎంపీ ఇంటివారి మిల్లు గేటు ముందు వరుస కట్టింది. దూరం తోలకం గిట్టక చాలామంది వరికి, సోయాకు మళ్లారు.

నష్టాలు భరించలేకే ఆపామన్నది యాజమాన్యం మాట. చక్కెర ధరలు పడిన సంవత్సరాలు నిజమే, మిల్లు నడపడం తేలిక కాదన్నదీ నిజమే. వ్యాపారి రాజకీయాల్లోకి రావడం తప్పు కాదు, తిరిగి వ్యాపారానికి పోవడమూ తప్పు కాదు. నా అభ్యంతరం వేరు. గంగరాజు ఓట్లడిగింది నరసాపురంలో, ఆయన కంపెనీ నిర్ణయం కూలదోసింది బోధన్‌ను. ఇక్కడి రైతుకు ఆయన్ను నిలదీయడానికి చేతిలో ఓటు లేదు.

ఓటు చేతిలో ఉంటే ఈ జిల్లా రైతులు ఏం చేస్తారో 2019లో దేశమంతా చూసింది. పసుపు, ఎర్రజొన్న ధరల కోసం 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేశారు. నిజామాబాద్ బరిలో 185 మంది నిలిచారు, ఎన్నికల సంఘం ప్రత్యేకంగా యంత్రాలు తెప్పించాల్సి వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి కూతురు, సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు. అదే సంవత్సరం బోధన్ మిల్లు లిక్విడేషన్‌కు జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) ఆదేశించింది. అక్కడ లెక్కకొచ్చేది అప్పులిచ్చిన బ్యాంకుల మాటే. చెరకు వేసే రైతుకు ఆ గదిలో చోటే లేదు.

49 శాతం వాటాదారైన ప్రభుత్వం దీనికి సగం జవాబుదారీ. ఆ వాటా ఫ్యాక్టరీ మూతను ఆపలేకపోయింది, కార్మికుల జీతాలకు పూచీ పడలేదు. మిల్లును తెరిపించే దారి చూడమని 2024లో రేవంత్‌రెడ్డి ప్రభుత్వం మంత్రి శ్రీధర్‌బాబు నాయకత్వంలో కమిటీ వేసింది. బ్యాంకుల బాకీ తేలాక ఎవరో ఒక పెట్టుబడిదారు రావచ్చు, ఆయనా రేపు ఎంపీ కావచ్చు. ఎన్నేళ్లు గానుగ ఆడించాలి, ఆపితే ఎంత నోటీసు ఇవ్వాలి, బకాయి ఎవరు కట్టాలి అన్న షరతులు ఈసారి ఒప్పందంలోనే రాయాలి. సంతకాలకు ముందే ఆ పత్రాన్ని తెలుగులో అచ్చువేసి శక్కర్‌నగర్ కార్మికులకు, బోధన్ రైతులకు ఇవ్వాలి.